గోడవైపు తిప్పిన పటం

పోయినవారం కథలో, మా అక్క కూతురు యంజు తన ఫోటో స్టూడియోలో ఒక పార్సిలు విప్పడం దగ్గర ఆగాం. విప్పింది, చూసింది, షట్టరు కూడా దించకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆ పార్సిలు వంతెన అవతల స్టూడియో పెట్టుకున్న కూ గారి దగ్గర్నుంచి వచ్చింది. అసలైతే అది మా అక్క సున్‌రే ఇంటికి రావాలి. "మీ అమ్మగారివే కదా, మీ షాపుకే పంపించేశాను. ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళం" అని ఆయన ఫోన్‌లో చెప్పాడు. మర్యాదకి చేసిన పని అది. లోపల రెండు పటాలున్నాయి. ఒకటి మా అక్కది. రెండోది అక్క కొడుకు మూయల్‌ది, అంటే యంజు వాళ్ళ అన్నయ్యది.

మా ఊళ్ళో పెద్దవాళ్ళు పటం ముందే తీయించుకుంటారు. దీర్ఘాయువు ఫోటో అంటాం. ముందే తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని పేరు. అది మనం పోయిన రోజున, మొక్కడానికి వచ్చినవాళ్ళ ముందు పెట్టే పటమని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఒంటరిగా వెళ్ళం. నలుగురైదుగురు ఆడవాళ్ళం కలిసి, లిప్‌స్టిక్ పూసుకుని, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ వెళతాం. నాది కూడా బీరువా మీద గుడ్డలో చుట్టి ఉంది. కాని నల్లజుట్టు ఇంకా మిగిలి ఉన్న మగవాడికి ఆ ఫోటో ఎవరూ తీయించరు. అది శకునాల సంగతి కూడా కాదు. తీయించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

ఆ రోజు ఆదివారం, మేం ఆల్చిప్పలు వలిచే షెడ్డుకి సెలవు. అక్కా నేనూ వెచ్చటి నేల మీద న్యూస్‌పేపరు పరుచుకుని ఎండు నెత్తళ్ళకి తలలు తుంచుతున్నాం. లోపలి గదిలో మూయల్ రేడియోలో విన్న సముద్ర సమాచారం తనలో తాను అప్పజెప్పుకుంటున్నాడు.

"దక్షిణ సముద్రం, తూర్పు భాగం. అలలు అర మీటరు నుంచి ఒక మీటరు. ఈశాన్యం గాలి."

వాడికి చిన్నప్పటి నుంచి ఆటిజం. మాటలు తక్కువ. ఉన్న మాటల్లో సగం రేడియోవి. వాడి గొంతు అలా ఎక్కువ తక్కువలు లేకుండా సాగుతూ ఉంటే ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆగిందంటే అక్క చేతిలో పని వదిలేసి లేచేది.

"నువ్వు తుంచేది తలలా, మొండేలా? సగం చేప చెత్తలోకే పోతోంది" అంది అక్క.

"నీ కళ్ళజోడు ఇటివ్వు, సరిగ్గా తుంచుతాను."

"కళ్ళజోడిస్తే నెత్తళ్ళు వదిలేసి కింద పరిచిన పేపరు చదువుతావు. నీ సంగతి నాకు తెలీదూ?"

నిజమే, అప్పటికే పావు పేజీ చదివాను. నవ్వబోతుండగా తలుపు గోడకి కొట్టుకుంది. యంజు బూట్లతోనే లోపలికి వచ్చేసింది.

"బూట్లు! ఇది ఇల్లనుకున్నావా, చేపల మార్కెట్టనుకున్నావా?" అని అక్క కేకేసింది.

యంజు బూట్లు విప్పలేదు. చంకలో ఉన్న రెండు పటాలనీ తీసి గోడకి ఆనించి పెట్టింది. పక్కపక్కన. ఊపిరి అందక కాసేపు అలాగే వంగి నిలబడింది.

"ఇదేంటమ్మా?"

"చూస్తే తెలియట్లేదా? నా ఫోటో. లిప్‌స్టిక్ ఎక్కువైంది. ఆ మనిషికి చెప్పాను, వినలేదు. పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు తీశాడు."

"అన్నయ్యది?"

"ఎటూ వెళ్ళాం కదా అని."

"ఎటూ వెళ్ళాం కదా అని తీయించుకునే ఫోటోనా అది? కూతురు ఫోటోలు తీస్తుంది. నాన్న ఫోటోలు తీశాడు. మా షాపు పక్క నుంచే బస్సెక్కి, వంతెన దాటి, ఊరవతల తీయించుకున్నారు. దొంగతనంగా."

అక్క ఇంకో నెత్తల్ని తీసుకుంది. తల తుంచింది. దాన్ని ఏ కుప్పలో వెయ్యాలో మర్చిపోయినట్టు చేతిలోనే పట్టుకుంది.

యంజు మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. అది కేకకన్నా భయంగా ఉంది నాకు.

"పోయిన చలికాలం మన వెనక అపార్టుమెంటు వాళ్ళు పోతే, టౌను ఆసుపత్రి హాలుకి మొక్కడానికి వెళ్ళాం, గుర్తుందా? నువ్వూ, నేనూ, పిన్నీ. అక్కడ కూడా రెండు పటాలే పెట్టారు. ఇలాగే, పక్కపక్కన. ఆ తల్లిదొకటి, ఆ పిల్లాడిదొకటి."

ఎలా మర్చిపోతాం? ఆ పిల్లాడూ మా మూయల్ లాంటివాడే. ఆ తల్లికి చేతకాక, ఇంకెవరికీ అప్పజెప్పలేక, వాణ్ణి తనతో తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మొక్కి బయటికి వచ్చిన ఆడవాళ్ళు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. బస్సులో మా అక్క ఒక్క మాటే అంది: "ఎంత భయపడిందో." ఎవరు, ఎందుకు అని నేను అడగలేదు. ఎవరైనా గడప దాటి వెళుతుంటే వీపు కనుమరుగయ్యేదాకా చూసే జబ్బు నాది. ఆ రోజు మాత్రం అక్క బస్సు దిగి ఇంటి దారి పడితే నేను కిటికీ వైపు తిరగలేకపోయాను.

"సూటిగా చెప్పమ్మా. అన్నయ్యని నీతో తీసుకుపోదామనుకుంటున్నావా?"

"ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందే!" అక్క చేతిలోని నెత్తల్ని విసిరేసింది. అది యంజు కోటుకి తగిలి కింద పడింది. "కన్నాను వాణ్ణి. నలభై ఏళ్ళు గోళ్ళు తీశాను. తీసిన ప్రతిసారీ అరిచాడు, ప్రతిసారీ పాట పాడాను. ఇప్పుడు నువ్వొచ్చి..."

"మరి ఎందుకు తీయించావు?"

లోపలి గదిలో గొంతు సాగుతూనే ఉంది. "పశ్చిమ భాగం. పొగమంచు. చిన్న పడవలు జాగ్రత్త."

యంజు అన్నయ్య పటం తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడే నేనూ దాన్ని సరిగ్గా చూశాను. బూడిదరంగు తెర ముందు నల్ల కోటు, నల్ల టై. దువ్విన జుట్టు. వాడు మమ్మల్ని చూస్తున్నాడు. తిన్నగా, మెత్తగా, పలకరించబోతున్నట్టు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లాడు నన్నలా చూడలేదు.

"నీకో సంగతి చెప్పనా?" అంది యంజు. "పార్సిలు విప్పగానే నాకు మొదట భయం వెయ్యలేదు. అసూయ వేసింది. నాన్న పోయినప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకీ అన్నయ్యని నేనే తీస్తున్నాను. గంటలు గంటలు కూర్చుంటాను. ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు. నేను అడగడం కూడా మానేశాను. ఆ కూ గారెవరో ఒక్క పూటలో చూపు పట్టేశాడే, నా చేతగానితనం కాకపోతే ఏంటి అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను."

"నీ ఫోటోల్లో వాడి మొహం ఎక్కడుంది?" అక్క వెంటనే అందుకుంది. మాట మారినందుకు ఊపిరి పీల్చుకున్నట్టుంది. "ఒకదాంట్లో చెవి. ఒకదాంట్లో మెడ. షాపు అద్దంలో పెట్టావే, దాంట్లో కిటికీ వైపు తిరిగి వేళ్ళు ఆడిస్తున్నాడు. ఆ వేళ్ళు పొగలా వచ్చాయి. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"అది అన్నయ్యే అనుకుంటారు. అన్నయ్య వేళ్ళు ఆగవు. నేను ఆపి తీస్తే అవి ఎవరివో అయిపోతాయి. నువ్వు తీసెయ్యమంటే ఆ ఫోటో తీసేశాను. కాని అన్నయ్యకి బాగా దగ్గరగా వచ్చిన ఫోటో అదొక్కటే." యంజు ఒళ్ళోని పటాన్ని వెలుతురు వైపు వంచింది. "తర్వాత దీన్ని దీపం కింద పెట్టి చూశాను. కనుపాపలో వెలుతురు పడిన చోట చిన్న చుక్క ఉంటుంది. కూ గారు గొడుగు లైట్లు వాడతాడు, వాటికైతే గుండ్రంగా రావాలి. పిన్నీ, నువ్వు చూడు. ఏముంది అక్కడ?"

అక్క కళ్ళజోడు లాక్కుని చూశాను. కనుపాపలో బియ్యపుగింజలో సగమంత తెల్లటి చతురస్రం. మధ్యలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత.

"కిటికీలా ఉందే" అన్నాను.

"మా స్టూడియో ఉత్తరపు కిటికీ. ఆ కిటికీ దగ్గర కూర్చుని కెమెరాలోకి తిన్నగా చూసిన మనిషి మా ఇంట్లో ఒక్కడే. ఆ ఫోటో తీసింది నేనే." యంజు తల్లి వైపు తిరిగింది. "ఇవి నాన్న కళ్ళు. నాన్న కళ్ళు తీసి అన్నయ్యకి పెట్టించావు."

లోపలి గదిలోంచి గాలి, అలలు వినపడుతూనే ఉన్నాయి.

ఈ కళ్ళు మార్చే పని మా వైపు స్టూడియోల్లో కొత్తేం కాదు. మూసుకున్న కళ్ళు తెరిపిస్తారు. చిరిగిన చొక్కా మీద కోటు వేస్తారు. మా అక్కకి అందులో తప్పు కనపడలేదు. కొడుకు ఎంతకీ తల ఎత్తకపోతే తన సంచిలోంచి మా బావ ఫోటో తీసిచ్చి, "తండ్రి పోలికే, చూపు ఇక్కడ్నుంచి తీసుకోండి" అందట.

"మొక్కడానికి వచ్చినవాళ్ళని ఎవరో ఒకరు చూడాలి కదే" అంది అక్క మెల్లగా. "పటంలో కూడా పక్కకి చూస్తే ఎలా? బతికినన్నాళ్ళూ వాడు మొహం చూడట్లేదని అందరూ విసుక్కున్నారు. ఆ ఒక్క రోజైనా..."

"ఏ ఒక్క రోజు? ఆ రోజు గురించి నీకెందుకిప్పుడు?"

అక్క న్యూస్‌పేపరు అంచు మడిచింది, విప్పింది. తర్వాత నేల చూస్తూ చెప్పింది.

"కొండ అవతల హోమ్ ఒకటుంది. చూసి రావడానికి వెళ్ళాను. మీ పిన్ని మల్జా కూడా వచ్చింది."

యంజు నా వైపు చూసిన చూపు చెప్పలేను. నేను నెత్తళ్ళ వైపు చూశాను.

"మంచి మనుషులే. శుభ్రంగా ఉంది. పెరట్లో పెద్ద క్యాబేజీలు వేశారు. మేం వెళ్ళిన రోజు అక్కడ ఒకతను పోయాడు. మన మూయల్ కంటే కొంచెం పెద్ద. తెరిచి ఉన్న తలుపులోంచి చూశాను... హాల్లో పటం పెట్టారు. అతనికి ఫోటో లేదట. వికలాంగుల కార్డు మీద ఉంటుందే, దాన్ని పెద్దది చేయించారు. వాళ్ళూ ఏం చేస్తారు? కార్డు ఫోటో తీసేటప్పుడు తల నిలపడు కదా, ఎవరో గడ్డం కింద వేళ్ళు పెట్టి ఎత్తి పట్టుకున్నారు. ఆ వేళ్ళు పటంలో పడ్డాయి. ఇంత లావుగా. కళ్ళు భయంతో తెల్లగా. అలా పెట్టారు. దాని ముందు అగరొత్తులు." అక్క తన గడ్డం కింద తనే వేళ్ళు పెట్టి చూపించింది. తియ్యడం మర్చిపోయింది. "వాడి కార్డు ఫోటోలో ఉన్న వేళ్ళు నావే యంజూ. నేనే పట్టుకున్నాను. రేపెప్పుడో దాన్నే పెద్దది చేసి పెడతారు. నా కొడుకు అలా కూర్చోకూడదు."

యంజు పటం కింద పెట్టేసింది. మొహం చేతుల్లో దాచుకుంది. భయం తగ్గి ఏడుపు వచ్చిందనుకున్నాను. నేను కూడా, దాచిందంతా బయటికి వచ్చేసింది, ఇంక ఫర్వాలేదు అనుకున్నాను. అసలుది ఇంకా లోపలే ఉందని నాకు తెలుసు. అయినా అలా అనుకున్నాను.

"అయితే ఆ ఆలోచన నీకు రాలేదన్నమాట" అంది యంజు చేతుల్లోంచే. "ఆ అపార్టుమెంటు ఆవిడ చేసినట్టు..."

"రాలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?"

యంజు చేతులు దించింది.

"వచ్చింది. ఒక్క రోజు. ఆ రోజు పొద్దున వాడు లేచాడు, అన్నం తిన్నాడు, సాక్సులు మడత పెట్టుకున్నాడు. 'రేపు గురువారం' అన్నాడు. ఊరికే అన్నాడు, రోజూ అనేదే. వాడికి రేపు ఉందే! నాకు లేకపోతే వాడిది నేనెందుకు లాక్కోవాలి?"

"నీకు లేకపోవడమేంటమ్మా?"

అక్క నా వైపు చూసింది. నువ్వు చెప్పు అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ మాట నా నోటితో అంటే నిజమైపోతుందేమోనని ఆకురాలే కాలం నుంచీ నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాను.

"కడుపులో గడ్డ ఉంది" అంది అక్క, కూర రేటు చెప్పినట్టు. "పెద్దాసుపత్రిలో చూపించుకున్నాను. కోసినా లాభం లేదన్నారు. వచ్చే చలికాలం ఆల్చిప్పలు వలిచేది నేను కాదు. నువ్వు మీ ఆయన్నీ, పిల్లనీ, షాపునీ చూసుకోవాలి. వాణ్ణి నీ నెత్తిన పెట్టి పోను. అందుకే హోమ్. అందుకే పటం. ఇంకేం లేదు. చచ్చిపోయేలోపు ఈ రెండూ చూసుకుంటే..."

ఆ మాట మధ్యలో ఆగింది. అక్క ఆపలేదు. ఇల్లు ఆగింది. లోపలి గదిలో సముద్ర సమాచారం వినపడటం లేదు.

ఎప్పుడు ఆగిందో మేం ముగ్గురం గమనించలేదు. జీవితంలో మొదటిసారి మా అక్క గమనించలేదు.

తలుపు జరిగింది. మూయల్ బయటికి వచ్చాడు. పొడుగాటి మనిషి. భుజాలు కొంచెం వంగాయి. కుడిచేతి వేళ్ళు చెవి పక్కన గాలిలో ఆడుతున్నాయి. మా మొహాల వైపు చూడలేదు. ముందు యంజు బూట్ల వైపు చూశాడు. వంగి ఒక్కొక్కటే విప్పి, తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టి వచ్చాడు. యంజు చిన్నపిల్లలా కాళ్ళు అప్పగించి కూర్చుంది.

తర్వాత పటాల ముందు గొంతుక్కూర్చున్నాడు.

తన పటాన్ని చాలాసేపు చూశాడు. మనుషుల్ని చూసే పక్కచూపుతో కాదు. వస్తువుల్ని చూసేటప్పుడు వాడు తిన్నగానే చూస్తాడు. ఒక వేలితో అద్దం మీద ఎడమ కన్ను ముట్టుకున్నాడు, తర్వాత కుడి కన్ను.

"నాన్న" అన్నాడు.

"మూయల్ ఇక్కడున్నాడు" అన్నాడు. తన గురించి ఎప్పుడూ అలా పేరు పెట్టే మాట్లాడతాడు. పటాన్ని రెండు చేతులతో ఎత్తి, గోడవైపు తిప్పి పెట్టాడు. వెనక అట్ట, మేకులు కనపడ్డాయి. అంతే. దాని పని అయిపోయింది.

యంజు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల మొహంలో ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "చూశావా పిన్నీ! ఒప్పుకోలేదు!" అని గుసగుసగా అంది. నాకూ సంతోషంగానే అనిపించింది. ఒక్క క్షణమే. వాడు లేవలేదు. తల్లి పటం వైపు జరిగాడు.

అక్కని తిప్పి పెట్టలేదు.

ఆ పటాలకి వెనక ఒక కాగితపు కవరు అంటించి ఇస్తారు. లోపల నల్ల రిబ్బను మడిచి ఉంటుంది. అవసరమైన రోజున కట్టుకోవడానికి. నా పటం వెనక కూడా ఉంది, ఎప్పుడూ విప్పి చూడలేదు. మూయల్ ఆ కవరు విప్పాడు. తండ్రి పోయినప్పుడు ఎవరు కడితే చూశాడో, రిబ్బను రెండు పైమూలల మీదుగా ఏటవాలుగా తిప్పి, వెనక ముడి వేశాడు. ఒక కొస పొడుగైందని విప్పి మళ్ళీ వేశాడు. వాడి వేళ్ళు ఆ కాసేపూ ఆగాయి.

"మూయల్" అంది అక్క. "నాన్నా, ఏం చేస్తున్నావు?"

వాడు మా నెత్తళ్ళని న్యూస్‌పేపరుతో సహా జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టాడు. పొట్టి బల్ల మధ్యలోకి జరిపాడు. దాని మీద తల్లి పటం నిలబెట్టాడు. గదిలోకి వెళ్ళి నల్ల కోటు వేసుకుని వచ్చాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. పటం ముందు నిలబడి, చేతులు ఒకదాని మీద ఒకటి వేసి, మోకాళ్ళ మీదికి దిగి, నుదురు నేలకి తగిలేలా వంగాడు.

మాలో బతికున్న పెద్దవాళ్ళకి ఒక్కసారి వంగుతాం. పోయినవాళ్ళకి రెండుసార్లు. మూయల్‌కి ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. కొత్త సంవత్సరం రోజున తల్లికి ఒక్కసారే వంగి, లేచి, డబ్బుల కవరు కోసం చెయ్యి చాపుతాడు. తండ్రి ఆబ్దికం రోజున రెండు.

లేచి నిలబడ్డాడు. ఒక్కటే. ఆగిపో నాయనా, ఆగిపో అని నేను మనసులో వేడుకున్నాను. పక్కన అక్క కూడా ఊపిరి బిగబట్టింది, నాకు వినపడింది.

వాడు మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగాడు.

ఆ వంగినవాడి వీపుకీ మా అక్కకీ మధ్య మూరెడు దూరం. ఆవిడ చెయ్యి చాపితే అందుతాడు. చాపింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అన్నయ్యా! అమ్మ ఇక్కడే ఉంది! ఇటు చూడు, ఇక్కడే!" అని యంజు అరిచింది. వాడు చెవులు మూసుకున్నాడు. అరుపులు వాడికి పడవు. యంజు నోరు నొక్కుకుంది. వాడు చేతులు దించి, పటం పక్కకి వెళ్ళి, తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దకొడుకు నిలబడాల్సిన చోట. వచ్చినవాళ్ళ మొక్కు అందుకోవడానికి.

"వాడికేం అర్థమైంది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"మొత్తం అర్థమైంది పిన్నీ" అంది యంజు. "తనది తిప్పి పెట్టాడు, అమ్మది కట్టాడు. తలుపు వెనక అంతా విన్నాడు. అమ్మ బతికే ఉందని తెలుసు. పోతుందని కూడా తెలుసు. తనకి చేతనవుతుందని చూపిస్తున్నాడు."

"లేదు" అంది అక్క. "వాడి లెక్కలో పటంలోకి వెళ్ళినవాళ్ళు వెళ్ళిపోయినట్టే. నేను వెళ్ళిపోయాను."

ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఈ రోజుకీ నాకు తెలియదు. తల్లి ఒకలా చదివింది, ఫోటోలు తీసే చెల్లెలు ఇంకోలా చదివింది. వాడు మాత్రం తల వంచుకుని నిలబడే ఉన్నాడు.

అక్క కొడుకునే చూస్తోంది. మెల్లగా ఆవిడ మొహం మారింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పరీక్ష బాగా రాసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"ఎక్కడా తడబడలేదు చూశారా? కోటు బొత్తాలు కూడా పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ నాకు అన్నిటికన్నా ఏది భయమో తెలుసా? నేను పోయిన రోజున వీడు ఏమవుతాడో అని. అరుస్తాడా, తల గోడకేసి కొట్టుకుంటాడా, మీదపడి లేపుతాడా అని. ఆ రోజు నేనుండను కదా, చూడలేను కదా అనుకున్నాను." అక్క నేల మీద చెయ్యి ఆనించి లేచింది. "చూసేశాను."

"అయితే ఇంక చాల్లే. వచ్చి పక్కన కూర్చో. కాసేపట్లో మర్చిపోతాడు, నిన్ను అన్నం అడుగుతాడు" అన్నాను.

"వాడు ఏదీ మర్చిపోడు, నీకు తెలుసు." కొక్కేనికి ఉన్న కోటు తీసుకుంది. "మల్జా, నేను మీ ఇంటికి వస్తాను. అక్కణ్ణుంచే ఆసుపత్రికి వెళ్ళిపోతాను. యంజూ, నువ్వు నాలుగు రోజులు ఇక్కడ ఉండు. హోమ్ వాళ్ళతో నేను మాట్లాడతాను."

"అమ్మా, ఏం మాటలివి? నువ్వు బతికుండగానే..."

"ఇవాళ వాడు నాకు మొక్కాడు, ఏడవకుండా మొక్కాడు. నేనిప్పుడు మళ్ళీ వంటింట్లో తిరిగి, అన్నం పెట్టి, పాట పాడి, మూడు నెలలకో నాలుగు నెలలకో మళ్ళీ చచ్చిపోతే? ఒక్క తల్లిని వాడు ఎన్నిసార్లు సాగనంపాలి? అయిపోయింది కదా. అయిపోయినట్టే ఉండనీ."

"మరి నువ్వు? నీకు వాడు అక్కర్లేదా? ఆ చివరి రోజున పక్కన..." యంజుకి మాట పూర్తి కాలేదు.

"నా సంగతి ఇప్పుడెందుకు?" అంది అక్క. కోటు చేతిలోకి ఎడమ చెయ్యి దూర్చింది. కుడి చెయ్యి దూరలేదు. దారి దొరక్క వెతుక్కుంటుంటే నేను పట్టుకుని తొడిగాను. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఆపాలని ఉంది. ఏం చెప్పి ఆపాలో తెలియదు. నాకు వీడ్కోళ్ళు తప్ప ఏమీ తెలియవు. మనిషిని ఆపే మాట ఒక్కటీ ఎవరూ నేర్పలేదు.

ఆవిడ కొడుకు వైపు చూడకుండా గుమ్మం దగ్గరికి నడిచింది. గోడ పట్టుకుని ఒక కాలు చెప్పులో పెట్టింది.

వెనక నుంచి అడుగుల చప్పుడైంది. మూయల్ పటం పక్క చోటు వదిలి వచ్చాడు. తల్లికి రెండడుగుల దూరంలో ఆగాడు. చేతులు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. చూపు ఆవిడ చెవి దగ్గర, తలుపు చెక్క మీద ఉంది. తండ్రి పోయిన రోజున వచ్చినవాళ్ళందరికీ మా బావ తమ్ముడు ఒక మాట చెబుతూ నిలబడ్డాడు. ఆ మాటే, ఆ గొంతుతోనే, తడుముకోకుండా చెప్పాడు.

"దూరం నుంచి వచ్చారు. భోజనం చేసి వెళ్ళండి."

అక్క తల తిప్పలేదు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. చెయ్యి గడియ మీద ఉంది.

యంజు ఏదో అనబోయింది. నేను ఆపాను. అతిథిని భోజనానికి పిలిచింది ఇంటి పెద్దకొడుకు. ఉంటానో, వెళతానో, జవాబు చెప్పాల్సింది మా అక్కే. మూయల్ కదలకుండా ఎదురుచూస్తున్నాడు.